లేబుల్ మీద పేరు

మేం కుక్కలకు బిస్కెట్లు చేసి అమ్ముతాం. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు ముందు నవ్వుతారు. తర్వాత మా పేర్లు అడుగుతారు. పేర్లు విన్నాక ఆ నవ్వు మారిపోతుంది. "మీ వాళ్లకు కుక్కంటే పడదు కదా" అంటారు. ఈ మాట అనేవాళ్లలో బయటివాళ్లున్నారు, మా వాళ్లూ ఉన్నారు. ఇంకే విషయంలోనూ కలవని ఈ రెండు గుంపులూ మా దగ్గరికొచ్చేసరికి ఒకే మాట మీద నిలబడతాయి. ముస్లింలు ఏం తింటారో, ఏం ముట్టుకోరో, ఏ పని చేయాలో, ఏ పని చేయకూడదో అందరికీ ముందే తెలుసు. మమ్మల్ని అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు.

మేమంటే ఇద్దరు అక్కాచెల్లెళ్లం. హైదరాబాదులో టోలిచౌకి సందుల్లో ఒక రెండో అంతస్తు అద్దె ఇల్లు మాది. ఒక గదిలో అమ్మీ, అబ్బా. ఇంకో గదిలో మేమిద్దరం, మాలో పెద్దామె కొడుకు. మిగిలిన వంటిల్లే మా బేకరీ. ఒక ఓవెను, మాంసం ఎండబెట్టే చిన్న మిషను, తూకం, చపాతీ కర్ర, ఎముక ఆకారంలో బిస్కెట్లు కోసే రెండు అచ్చులు. 2020 చివరి నుంచి మా ఇల్లు ఈ సామాను మీదే నడుస్తోంది.

అబ్బా బేకరీ మనిషి. నల్లగొండ జిల్లాలోని పల్లె నుంచి పద్నాలుగేళ్ల వయసులో పట్నమొచ్చి ఒక ఇరానీ హోటలు వెనక భట్టీలో చేరాడు. రాత్రి పిండి కలిపి, తెల్లవారుజామున మూడింటికి భట్టీ ముందు నిలబడితే, ఆరింటికల్లా వేడి బన్నులు హోటలు బల్లల మీద ఉండాలి. తర్వాత ఉస్మానియా బిస్కెట్లు, ఫైన్ బిస్కెట్లు, ఖారా బిస్కెట్లు. మొహర్రం నెలలో దమ్ కే రోట్. ముప్పయి ఏళ్లపాటు ఈ నగరం అబ్బా పిసికిన పిండిని చాయ్‌లో ముంచుకుని తింది. ఆఫీసుకు పోయే సార్లు తిన్నారు, సేట్లు తిన్నారు, కూలికి పోయేవాళ్లు తిన్నారు, కాలేజీ పిల్లలు తిన్నారు. లోపల బనియన్ మీద చెమట కక్కుతూ నిలబడ్డ మనిషి పేరేమిటని ఒక్కరూ అడగలేదు.

"అవి మంచి రోజులు" అంటాడు అబ్బా. మాకు అంత నమ్మకం లేదు. అవసరం లేక అడగలేదా, కనపడని మనిషి కాబట్టి అడగలేదా? రొట్టెకు మతం లేని కాలమా అది, లేక రొట్టె చేసేవాడికి మొహం లేని కాలమా? ముప్పయి ఏళ్లు పిండి పీల్చిన ఊపిరితిత్తులతో దగ్గుతూ అబ్బా ఆ రోజుల్ని మెచ్చుకుంటుంటే మేం ఎదురు చెప్పం. కానీ ఆ ప్రశ్న మా దగ్గరే ఉండిపోయింది.

మాలో పెద్దామె ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, స్కూలు మూతపడింది, జీతం ఆగింది. ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని 2021 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించేనాటికి ఆమె టీచరుగా మిగల్లేదు. మాలో చిన్నామె జంతువుల డాక్టరు దగ్గర కౌంటరులో కూర్చునేది. పేర్లు రాసుకోవడం, డబ్బులు తీసుకోవడం, భయపడిన కుక్కను మాటల్లో పెట్టడం ఆమె పని. రోజూ ఒకే రకం కుక్కలొచ్చేవి. చాయ్‌తోపాటు గ్లూకోజ్ బిస్కెట్లు పెట్టీ పెట్టీ ఒళ్లు పెరిగినవి, చర్మం గోక్కుని గోక్కుని పుండ్లు పడ్డవి. "ఇంట్లో చేసినదేదైనా పెట్టండి" అనేవాడు డాక్టరు. "ఏం పెట్టాలి?" అని అడిగేవాళ్లు యజమానులు. ఎవరి దగ్గరా సరైన జవాబు ఉండేది కాదు. ఆ జవాబు మేం చేసి ఇవ్వొచ్చు కదా అని చిన్నామెకు తట్టింది.

అబ్బాకు చెబితే ముందు ఏమీ అనలేదు. ఏమేం వేయకూడదో చెప్పినప్పుడు మాత్రం ఆయన మొహం చూడాలి. ఉప్పు వద్దు, చక్కెర వద్దు, డాల్డా వద్దు, మైదా వద్దు. "అయితే బిస్కెట్‌లో ఇంకేం మిగిలింది?" అన్నాడు. మిగిలినవి చెప్పాం. రాగిపిండి, ఓట్స్, గుడ్డు, గుమ్మడికాయ గుజ్జు, కోడి కార్జం. శివరాత్రి ఉపవాసానికి ఊరంతా ఉడకబెట్టుకునే చిలగడదుంప, మా వైపు కందగడ్డ అంటారు, అది కూడా. రాగిపిండిలో గోధుమపిండిలా సాగే గుణం ఉండదు, వత్తితే విరిగిపోతుంది. మూడు రోజులు మా చేతుల్లో విరుగుతూనే ఉంటే చూడలేక అబ్బా లేచి చేతులు కడుక్కున్నాడు. ఉడికిన కందగడ్డను పిండిలో ముందుగా కలిపి, ముద్దను అరగంట పక్కన పెట్టి, ఆ తర్వాత వత్తాడు. విరగలేదు. "ఆటా సబ్ కా ఏక్ హీ హై" అన్నాడు. ఎవరికి చేసినా పిండి పిండే అని.

ఈ పనిలో రుచి కన్నా జాగ్రత్త ఎక్కువ. కోడి మాంసం లోపలి దాకా 74 డిగ్రీల వేడి తగలాలి. తగలకపోతే అందులోని క్రిములు చావవు. కుక్కకే కాదు, ఆ ముక్క చేత్తో పట్టుకుని పెట్టే పిల్లాడికీ ప్రమాదమే. కార్జం మంచిదే అయినా ఎక్కువ పెడితే అందులోని విటమిన్ ఎ ఒంట్లో పేరుకుపోయి చెరుపు చేస్తుంది, అందుకే కొంచెమే కలుపుతాం. కిలో మాంసం ఎండబెడితే చేతికొచ్చేది పావుకిలో, మహా అయితే మూడొందల గ్రాములు. నిలవ ఉంచే మందులేవీ కలపం కాబట్టి వానాకాలంలో ఎక్కువ చేయం, ఆర్డరు వచ్చాకే చేస్తాం. రోజు తిండిలో పదో వంతుకు మించి ఈ చిరుతిండి పెట్టొద్దని ప్రతి ప్యాకెట్టు మీదా రాస్తాం. సరుకు తక్కువ కొనండని చెప్పే వ్యాపారం ఇది.

కుక్కకు విషమైన వాటి జాబితా ఒకటి వంటింటి గోడకు అంటించాం. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ అనే తీపి మందు. అమ్మీ అది చదివించుకుని నవ్వింది. ఉల్లిగడ్డ లేకుండా మా ఇంట్లో పొయ్యి వెలగదు. పండగ వంటంతా ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కిస్‌మిస్సే. మాకు పండగైనది కుక్కకు చావు. అందుకని బిస్కెట్ల పనికి గిన్నెలు వేరు, కత్తి వేరు, చెక్క వేరు, తుడుచుకునే బట్ట వేరు.

ఈ వేరు గిన్నెల కథ మా సందులో వేరే రకంగా పాకింది. కుక్క పని నాపాక్ పని కాబట్టి, పాపం, గిన్నెలు వేరు పెట్టుకున్నారట. ఇల్లు చూసిపోయిన ఒక కస్టమరు ఇంకో రకంగా అర్థం చేసుకుంది. వాళ్ల కుక్క తినేది మా కూర గిన్నెలు తాకకుండా మంచి పని చేశారట. రెండు వైపులా గిన్నెలే కనిపించాయి. గోడ మీది జాబితా ఎవరూ చదవలేదు. వేరు గ్లాసులు, వేరు పళ్లేలు, వేరు బావులు చూస్తూ బతికిన దేశం కదా మనది. గిన్నె వేరుగా కనిపిస్తే చాలు, ఎవరి అంటు ఎవరికి తగలకుండా అనే ఆలోచిస్తాం.

ముందు మా వాళ్ల సంగతి చెప్పాలి. మా వాళ్ల గురించి మేం మాట్లాడకపోతే బయటివాళ్లు మాట్లాడతారు, వాళ్లకు కావలసినట్టు మాట్లాడతారు.

మొదటి ఏడాది రంజాన్‌లో మేం పంపిన ఇఫ్తార్ పళ్లెం పక్కింటి నుంచి ముట్టకుండా తిరిగొచ్చింది. పై అంతస్తు ఖాలా మెట్ల మీద ఎదురైతే బుర్ఖా అంచు కూడగట్టుకుని పక్కకు జరిగేది. మా ఇంట్లో ఒక్క కుక్క కూడా లేదు. ఉన్నది రాగిపిండి, కార్జం. ఆ కార్జం ఆమె కూర తెచ్చుకునే ఖురేషీ దుకాణానిదే. అయినా నాపాక్ అన్నారు. కుక్క తినబోయే తిండి కుక్క నోటికి చేరకముందే ఎలా మైల పడుతుంది?

చదువుకున్నవాళ్లం కాబట్టి పుస్తకాలు తీశాం. ఖురాన్ 18వ సూరా కహఫ్‌లో గుహలో నిద్రపోయిన విశ్వాసుల కథ ఉంది. గుహ గడప దగ్గర ముందుకాళ్లు చాచి పడుకున్న వాళ్ల కుక్క కూడా అందులో ఉంది. వాళ్లు ఎంతమంది అన్న లెక్క వచ్చిన ప్రతిసారీ కుక్కనూ కలిపే లెక్క. అయిదో సూరా మాయిదాలో, నేర్పిన వేటజంతువులు పట్టి తెచ్చినది తినొచ్చని ఉంది. దాహంతో మట్టి నాకుతున్న కుక్కకు బావిలో దిగి, చెప్పుతో నీళ్లు తోడి తాగించినవాడి పాపాలు అల్లా మన్నించాడని హదీసు ఉంది. కుక్క నాకిన గిన్నెను ఏడుసార్లు కడగాలన్న హదీసూ ఉంది, దాన్ని మేం దాచం. కాపలాకో, మందకో, వేటకో తప్ప ఊరికే కుక్కను పెంచుకోవద్దన్నదీ ఉంది. ఇమాం మాలిక్ దారిలో నడిచేవాళ్లు కుక్కను అసలు నాపాక్‌గానే లెక్కించరు. మనదేశంలో ఎక్కువమంది నడిచే హనఫీ దారిలో దాని ఎంగిలి నాపాక్, దాని ఒళ్లు కాదు. ఇన్ని మాటలుంటే మా సందుకు చేరింది ఒక్కటే మాట: ఛీ.

ఊళ్లో మా దాదా మేకలు కాసేవాడు. మంద వెంట కుక్క ఉండేది. రాత్రి అది వాకిట్లో పడుకునేది, లోపల దాదా నమాజు చదివేవాడు. దాదీ చివరి రొట్టె దానికే వేసేది. ఆ ఇంటికి ఫరిష్తాలు రారని అక్కడ ఎవరూ చెప్పలేదు. పీర్ల పండక్కి ఊరు ఊరంతా మలీదా తెచ్చి ఇచ్చేది, మా వాళ్లు ఫాతెహా చదివి మళ్లీ అందరికీ పంచేవాళ్లు. చదువు రాని ఆ దాదీ దగ్గర ఇస్లాం వెడల్పుగా ఉండేది. పట్నంలో, పుస్తకాల మధ్య, ఒక్క అద్దె ఇంటి మెట్ల మీద అది ఇంత ఇరుకైంది. చుట్టూ భయం పెరిగినకొద్దీ మనిషి తన చుట్టూ గీత దగ్గరగా గీసుకుంటాడు. గీత లోపల ఆడవాళ్లు నిలబడే చోటు ముందు తగ్గిపోతుంది. ఖాలాకు కుక్క మీద కోపం లేదు. మగదిక్కు లేని పెద్దామె, పెళ్లి కాని చిన్నామె సొంతంగా సంపాదించడం మీదే కోపం. అది నేరుగా అనలేక కుక్కను అడ్డం పెట్టుకుంది.

ఇంకో ప్రశ్న మా వాళ్లు అడిగారు. అది మాత్రం ఇప్పటికీ గుచ్చుతోంది. "మనుషుల పిల్లలకు తిండి లేదు, మీరు పెద్దోళ్ల కుక్కలకు కలేజీ తినిపిస్తారా?" 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాణ్ని వీధికుక్కలు చంపేశాయి. బతుకుదెరువుకు పల్లె నుంచి వచ్చిన కుటుంబం. ఆ వారం మేం పిండి కలపలేకపోయాం. ఈ నగరంలో కుక్కలకూ వర్గాలున్నాయి. ఏసీ గదిలో మా బిస్కెట్టు తినే కుక్క ఒకటి, చెత్తకుండీ దగ్గర ఆకలితో గుంపు కట్టే కుక్క ఒకటి. ఆ రెండో కుక్క పళ్లకు దొరికేది ఎప్పుడూ పేదవాళ్ల పిల్లలే. ఇది మాకు తెలియక చేస్తున్న పని కాదు. కానీ పెద్దోళ్ల ఇళ్లలో వంట చేసే ఆడవాళ్లను, పెద్దోళ్ల కార్లు తోలే మా అన్నదమ్ముల్ని ఎవరూ ఈ ప్రశ్న అడగరు. డబ్బున్నచోట పని చేసుకుని లేనిచోట బతకడమే పేదవాళ్ల బతుకు.

బిస్కెట్లు అమ్మి పెద్దామె కొడుకు ఫీజు కట్టాం, అబ్బా మందులు తెచ్చాం. మెల్లగా ఇఫ్తార్ పళ్లెం తిరిగి రావడం మానింది. ఖాలా కూతురు ఇప్పుడు మా దగ్గర ప్యాకింగు చేస్తోంది. మా వాళ్ల గడప ఎంత ఎత్తుగా ఉన్నా, రోజూ ఎదురుపడే మనుషులు కాబట్టి దాటగలిగాం. అవతలి గడప అట్లా కాదు. అక్కడ మనిషి ఎదురుపడడు. ఫోనులో గొంతు మాత్రమే వినిపిస్తుంది.

మా కస్టమర్లు జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, మణికొండ వైపు ఉంటారు. తమను తాము కుక్కకు మమ్మీ, డాడీ అని చెప్పుకుంటారు. మంచివాళ్లు. కుక్క పుట్టినరోజుకు కేకు చేయించుకుంటారు, ఫొటో పంపుతారు. మొదట్లో మా పేర్లు వాళ్లకు తెలియవు. మేం పెట్టుకున్న వ్యాపారం పేరు ఏ మతానిదీ కాదు, తోక ఊపే కుక్క పేరు. తెలుగులో మాట్లాడతాం. మా తెలుగు విని నల్లగొండా అని అడిగేవాళ్లు. అవునంటే సంతోషించేవాళ్లు.

తర్వాత చిరునామా అడిగేవాళ్లు. టోలిచౌకి అనగానే చిన్న విరామం. ఆ విరామాన్ని మేం చెవితో కొలవడం నేర్చుకున్నాం. కొందరు దాటేవాళ్లు. కొందరు "డబ్బులు పంపడానికి పేరు చెప్పండి" అని అసలు పేరు రాబట్టేవాళ్లు. ఒకామె పేరు విన్నాక రెండు రోజులు ఆలోచించి ఫోను చేసింది. "మీ మాంసం హలాలా?" అంది. అవునన్నాం. "అయితే మా వాడికి వద్దండి" అంది. మా వాడంటే ఆమె కుక్క. కుక్క ఏ మతంలో పుట్టిందో మేం అడగలేదు.

ఆమెను తిట్టుకోవడం తేలిక. ఆమెకు ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? 2019 అక్టోబరులో మా హైదరాబాదులోనే ఒకాయన, అన్నం తెచ్చిన కుర్రాడు ముస్లిమని తెలిసి అన్నం వెనక్కి పంపాడు. 2020లో కరోనాను మా మతం మీద రుద్దారు. కూరగాయల బండ్ల దగ్గర పేర్లు అడిగారు. ఆ మే నెలలో చెన్నైలో ఒక బేకరీ యజమాని తన దగ్గర ముస్లిం పనివాళ్లు లేరని ప్రకటన ఇచ్చి అరెస్టయ్యాడు. 2022లో కర్ణాటకలో ఉగాది ముందర హలాల్ మాంసం కొనొద్దని ప్రచారం నడిపారు. రొట్టెలో ఉమ్ముతారని, నీళ్లలో కలుపుతారని వీడియోలు తిప్పారు. ఇన్నేళ్లు ఇంత మంట పెట్టాక అది మనుషుల పళ్లెం దగ్గరే ఎందుకు ఆగుతుంది? కుక్క గిన్నె దాకా వచ్చింది.

2024లో మా ఇంట్లో ఒక పెద్ద పంచాయితీ జరిగింది. పెంపుడు జంతువుల సరుకులమ్మే ఒక పెద్ద దుకాణం మా బిస్కెట్లు అడిగింది. నెలకు 40 కిలోలు. ఒక్క ఓవెనుతో కుదరదు, రెండోది కొనాలి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లకు పని దొరుకుతుంది. షరతు ఒక్కటే. ప్యాకెట్టు మీద వాళ్ల పేరు, వాళ్ల చిరునామా ఉంటుంది. మా పేరు, టోలిచౌకి అనే మాట ఎక్కడా కనపడకూడదు. "మీ మీద మాకేం లేదమ్మా, కస్టమర్ల సంగతి మీకు తెలుసు కదా" అన్నాడు వచ్చినాయన. ఆయన గొంతులో ద్వేషం లేదు. అంత మర్యాదగా చెప్పిన మాటకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

ఈ దేశపు చట్టాల్లో ఒక తమాషా ఉంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం మనుషుల తిండికే తప్ప జంతువుల దాణాకు వర్తించదు. అంటే మేం చేసేది ఆ చట్టం లెక్కలో ఆహారమే కాదు. కానీ ప్యాకెట్టులో పెట్టి అమ్మే ఏ సరుకు మీదైనా తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా ఉండాలని 2011 నాటి ప్యాకేజీ నిబంధనలు చెబుతాయి. బరువు, ధర, తయారైన నెల, ఫిర్యాదు చేయాల్సిన నంబరు కూడా ఉండాలి. మేం ఏ పేరూ లేని మనుషులం కావడానికి చట్టమే ఒప్పుకోదు, దుకాణం ఒప్పుకోమంటోంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2024 జులైలో, ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర సాగే దారి పక్కన తిండి దుకాణాలవాళ్లు యజమానుల పేర్లు బోర్డు మీద రాయాలని పోలీసులు ఆదేశించారు. జులై 22న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. ఏం తిండి అమ్ముతున్నారో రాస్తే చాలు, అమ్మేవాళ్ల పేర్లు రాయమని బలవంతపెట్టొద్దంది. ఆ బెంచిలో కూర్చున్న జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి తన అనుభవం చెప్పారు. కేరళలో ఉన్నప్పుడు ఒక ఊళ్లో హిందువు నడిపే శాకాహార హోటలూ, ముస్లిం నడిపే శాకాహార హోటలూ ఉంటే, శుభ్రత చూసి ముస్లిం హోటలుకే వెళ్లేవారట. ఆ వార్త మేం బిస్కెట్లు ప్యాక్ చేస్తూ విన్నాం.

అక్కడ పేరు రాయమంటున్నారు. ఇక్కడ పేరు చెరపమంటున్నారు. రెండూ ఒకటే పని. పేరు రాస్తే బహిష్కరిస్తారు. దాస్తే మోసం చేశారంటారు. మాలో పెద్దామె వాదన వేరు. "బతకాలి. పేరుతో కడుపు నిండదు. ఇద్దరు ఆడవాళ్లకు పని ఇవ్వగలిగితే పేరు పోయినా ఫరవాలేదు" అంది. పదేళ్లు స్కూల్లో సోషల్ చెప్పిన మనిషి, రాజ్యాంగం పీఠిక పిల్లలతో కంఠతా పట్టించిన మనిషి అట్లా అంటుంటే ఆమె మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది. చిన్నామె ప్యాకెట్టు తిప్పి చూపించింది. "ఇందులో రాగిపిండి ఎంతో రాశాం. కార్జం ఎంతో రాశాం. నిలవ ఉంచే మందు లేదని రాశాం. ఏదీ దాచలేదని చెప్పి అమ్ముతున్నాం. అన్నీ చెప్పి చేసిన చేతుల్ని దాస్తే ఆ చెప్పిన మాటల్ని ఎవరు నమ్మాలి?" అంది. ఆ రాత్రంతా తెగలేదు.

తెగ్గొట్టింది అబ్బా. దగ్గుతెర ఆగాక అడిగాడు. "నేను చేసిన రొట్టె మీద నా పేరు ఎప్పుడన్నా ఉందా?" లేదు. హోటలు పేరు ఉండేది, సేటు పేరు ఉండేది. "మరి నాకేం మిగిలింది?" ఆ మాట ఆయన బాధగా అనలేదు. బాకీ లెక్క చూసినట్టు అన్నాడు. మంచి రోజులని ఆయన ఇన్నాళ్లు చెప్పిన రోజుల గురించి మాకున్న అనుమానం ఆయనకూ ఉందని మాకు ఆ రాత్రే తెలిసింది.

దుకాణానికి కుదరదని చెప్పాం. మా ప్యాకెట్టు కొత్తగా అచ్చు వేయించాం. వెనక ఉండే వ్యాపారం పేరు, చిరునామా కింద ఇంకో వరస చేర్చాం. చేసినవారు అని మా ఇద్దరి పేర్లు, పని నేర్పినవారు అని అబ్బా పేరు. ఆ వరస రాయమని మమ్మల్ని ఏ పోలీసూ అడగలేదు, ఏ నిబంధనా అడగలేదు. మా చేత్తో మేం రాసుకున్నాం. బలవంతంగా రాయించిన పేరు నుదుటి మీద వాత లాంటిది. ఇష్టంగా రాసుకున్న పేరు సంతకం. అక్షరాలు అవే కావచ్చు, రాసిన చెయ్యి ఎవరిదన్నది ముఖ్యం.

మొదటి ప్యాకెట్టు అబ్బా చేతిలో పెట్టాం. ఆయన తెలుగు చదవలేడు, చిన్నామె వేలు పెట్టి చూపించింది. చాలాసేపు చూసి, "ముప్పయి ఏళ్లు మనుషులకు చేశాను, పేరు కుక్కల రొట్టె మీద పడింది" అని నవ్వాడు. అమ్మీ నవ్వలేదు. ఆ ప్యాకెట్టు తీసుకెళ్లి బీరువాలో, నిఖానామా పెట్టిన సంచిలో దాచింది.

తర్వాత ఏమైందంటే, గొప్పగా ఏమీ కాలేదు. 40 కిలోల ఆర్డరు పోయింది. రెండో ఓవెను రాలేదు. ఆ ఇద్దరు ఆడవాళ్లలో ఒకరికి మాత్రం, ఖాలా కూతురికి, పని ఇవ్వగలిగాం. పాత కస్టమర్లలో కొందరు ఏమీ చెప్పకుండా తగ్గిపోయారు. కుక్క చచ్చిపోయి మానేశారా, పేరు చూసి మానేశారా అని మేం ఎవరినీ అడగలేదు. చాలామంది అట్లాగే ఉన్నారు. అందులో కొందరు పేర్లు చూశామని మెచ్చుకోలుగా చెప్పారు. మణికొండ నుంచి ఒక పెద్దావిడ ఫోను చేసి, "అమ్మా, కార్జం కొంచెం తగ్గించండి, మా దానికి పడటం లేదు" అంది. పేర్ల గురించి ఒక్క మాట అనలేదు. ఆ ఫిర్యాదు మాకు పొగడ్తల కన్నా బాగుంది. అది సరుకు మీది ఫిర్యాదు. మేం కోరుకునేది అదే. మా బిస్కెట్టు బాగాలేకపోతే బాగాలేదనండి. గట్టిగా ఉంటే గట్టిగా ఉందనండి. ధర ఎక్కువైతే బేరం ఆడండి. చేసిన చేతుల మతాన్ని బట్టి అందులో రుచీ, విషమూ వెతక్కండి.

లౌకికవాదులైన మా మిత్రులు అప్పుడప్పుడు ఓదారుస్తారు. "మాకు మీ పేర్లతో పని లేదు, మేం అవేవీ చూడం" అంటారు. వాళ్ల మనసు మంచిదే. కానీ అబ్బా పేరు ముప్పయి ఏళ్లు ఎవరూ చూడలేదు. చూడకపోవడం వల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదు. పేరు చూసి పారిపోయేవాళ్లూ వద్దు, పేరు చూడనట్టు నటించేవాళ్లూ వద్దు. పేరు చదివి, ఆ తర్వాత సరుకు వాసన చూసి, బాగుంటే తీసుకునేవాళ్లు కావాలి.

కుక్క చేసేది ఇంచుమించు అదే. ముందు చెయ్యి వాసన చూస్తుంది, తర్వాత తిండి వాసన చూస్తుంది. మా చేతుల్లో దానికి రాగిపిండి వాసన, కార్జం వాసన తగులుతాయి. ఎన్ని గిన్నెలు వేరు పెట్టినా, ఎంత కడుక్కున్నా ఒక్కోసారి కాస్త ఉల్లిగడ్డ వాసన కూడా తగులుతుందేమో. మీ ఇంట్లో కుక్క లేకపోవచ్చు, మా బిస్కెట్ల అవసరం మీకెప్పుడూ రాకపోవచ్చు. ఎక్కడైనా మా ప్యాకెట్టు కనపడితే మాత్రం వెనక్కి తిప్పండి. చివరి వరస దాకా చదవండి.